ముందు నీళ్ల సంగతి చూసుకో, అమ్మడూ

అమ్మడూ,

చక్కెర అతుక్కున్న పాల ప్రోటీన్లు రోగనిరోధక కణాలను ఏం చేస్తాయో తేల్చడానికి నువ్వు పీహెచ్‌డీలో చేరుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. ఎంత గర్వంగా ఉందో అంత భయంగానూ ఉంది.

మీ నానమ్మ దాలి గుర్తుందా? పొద్దున్నే పిడకల సెగ మీద కుండ పెడితే సాయంత్రానికి పాలు ఎర్రబడి, మీగడ అట్టలా కట్టేది. ఆ ఎరుపే నీ సబ్జెక్టు. పాలలోని లాక్టోజు అనే చక్కెర, ప్రోటీన్‌లో ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కోవడంతో మొదలవుతుంది, 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ రాసిన చర్య ఇదే. బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే పాల ప్రోటీన్‌లో 15 లైసిన్లున్నాయి, వాటిలో ఎన్నిటికి చక్కెర పట్టిందో కొలవకుండా కణాల జోలికి వెళ్లకు. గ్లౌజులు, తేదీలు వేసిన నోట్‌బుక్ గురించి నీకు చెప్పక్కర్లేదు.

నేను దెబ్బతిన్న చోటు మాత్రం చెప్పాలి. ఆ ప్రోటీన్‌నే లాక్టోజుతో కలిపి కొన్ని రోజులు వేడిలో ఉంచి, మిగిలిన చక్కెర పోవాలని రెండు రోజులు డయాలసిస్ చేసి, అంటే సన్న రంధ్రాల పొర సంచిలో పోసి నీళ్లలో ఉంచి, ఎలుక మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల మీద వేశాను. కణాలు ఉలిక్కిపడితే వదిలే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా విపరీతంగా వచ్చింది. డయాలసిస్ చెయ్యని మామూలు ప్రోటీన్ వేసిన కణాల్లో చలనమే లేదు. రాత్రి పదకొండింటికి దాన్ని రంగుతో కొలిచే ఎలైసా ప్లేటులో ఒక్క వరుస మాత్రం పసుపుపచ్చగా తిరగడం ఇప్పటికీ కళ్ల ముందుంది. సెమినార్ ఇచ్చాను, అందరికీ చెప్పాను, నా వెనక చేరిన కుర్రాడు దాన్ని నమ్ముకుని ఏడాదిన్నర పనిచేశాడు. చివరికి ఒకరోజు ఆ కుర్రాడే ప్రోటీనూ చక్కెరా ఏమీ లేని ఉత్త డయాలసిస్ నీళ్లు కణాల మీద వేశాడు. ప్లేటు మళ్లీ పచ్చబడింది.

ల్యాబ్ మూల ప్లాస్టిక్ క్యాన్‌లో రోజుల తరబడి నిలవున్న డిస్టిల్డ్ వాటర్ అది. అందులో బ్యాక్టీరియా పెరిగి, వాటి పైపొర నుంచి ఊడే ఎండోటాక్సిన్ అనే విషం చేరింది. మాక్రోఫేజ్ దాన్ని తన మీదున్న టీఎల్‌ఆర్4 అనే రిసెప్టర్‌తో పసిగడుతుంది, మిల్లీలీటరుకు ఒక్క నానోగ్రాము ఉన్నా చాలు. మరిగిస్తే పోదు, గాజు సామానైతే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాల్సిందే. వరదలప్పుడు గోదారి ఎర్రనీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపితే తెల్లారేసరికి తేటపడేవి, అయినా మా అమ్మ కాచకుండా గుక్కెడు తాగనిచ్చేది కాదు. ఆవిడ కడుపున పుట్టి, తేటగా ఉన్నాయని నీళ్లను నమ్మాను. ఆ కుర్రాడు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అందుకే మామూలు ప్రోటీన్, చక్కెర లేకుండా అంతే సేపు వేడిచేసింది, చక్కెరతో వేడిచేసింది, మూడింటినీ ఒకే రోజు ఒకే నీళ్లలో డయాలసిస్ చెయ్యి. ఉత్త నీళ్లు కూడా ఒక వరుసలో వెయ్యి. కొన్న ప్రోటీన్‌లోనూ ఎండోటాక్సిన్ ఉండొచ్చు, దాన్ని కొలిచే ఎల్‌ఏఎల్ పరీక్ష చెయ్యకుండా ఏ సీసానీ నమ్మకు. ఎండోటాక్సిన్‌ను పట్టేసే పాలిమిక్సిన్ బి వేశాను కదా అని నిశ్చింతగా కూర్చుంటే తంతాను. చక్కెర పట్టిన ప్రోటీన్‌ని కణం మీదున్న రేజ్ రిసెప్టర్ పట్టుకుంది అనే మాట ఇవన్నీ దాటాకే.

ఇంకో భయం కూడా ఉంది. ప్లేటులో కణాలు ఉలిక్కిపడ్డాయని, కాచిన పాలు మంచివి కావని మన ఊళ్లో ఎవరి దగ్గరా నోరు జారకు. తాగిన పాలు పొట్టలో, పేగుల్లో అరిగి ముక్కలవుతాయి, నీ ప్లేటులో ఆ అరుగుదల లేదు. నీ మాట విని ఏ తల్లైనా పసిబిడ్డకు పచ్చిపాలు పడితే నేను తట్టుకోలేను.

తిండి మానకు తల్లీ, రాత్రిళ్లు ల్యాబ్‌లో ఒక్కదానివే ఉండిపోకు. మీ నాన్న చేత నెయ్యి, ఆత్రేయపురం పూతరేకులు పంపిస్తున్నాను. చేరిన రోజే ఆ నీళ్లు ఎక్కడ పడుతున్నారో, క్యాన్ ఎప్పుడు కడిగారో అడిగి రాత్రికి ఫోన్ చెయ్యి. ఎంత ఆలస్యమైనా మెలకువగానే ఉంటాను.

మీ అత్త,
అమలాపురం