టీవీకి వెళ్తానంటున్న మేనకోడలికి

పర్లాకిమిడి

అమ్మడూ,

హైదరాబాదులో హాస్య కార్యక్రమానికి ఆడిషన్ ఇస్తానని నువ్వు ఫోన్ చేసిన దగ్గర్నుంచి మీ అమ్మకి కంటిమీద కునుకు లేదు. నాకు మాత్రం సంతోషమే. నచ్చనిది ఒక్కటే: "ఇక పాట క్లాసు మానేస్తాను మావయ్యా, మిమిక్రీ మీదే కూర్చుంటాను" అన్నావు చూడు, అది. ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ.

నీకిష్టమైన సుగంధా మిశ్రానే తీసుకో. హిందీ టీవీలో నవ్వించే జలంధర్ పిల్ల. వాళ్ళింట్లోనే ఇందోర్ ఘరానా అనే హిందుస్తానీ సంగీత బాణీ ఉంది. తాతగారు శంకర్‌లాల్ మిశ్రా దగ్గర కూర్చుని నేర్చుకుంది. కపిల్ శర్మ షోలో విద్యావతి టీచరుగా చూసి దేశమంతా నవ్వింది గానీ, అప్పటికే ఆమె సరిగమప పాటల పోటీలో పాడింది, గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ ఛాలెంజ్‌లో ఫైనల్ దాకా వెళ్ళింది. లతా మంగేష్కర్ గారిని అనుకరించే వీడియో నీ ఫోన్లో ఉందన్నావు కదా, ఈసారి కళ్ళు మూసుకుని విను. మాట్లాడినంతసేపూ నవ్వొస్తుంది. పాట అందుకోగానే, నవ్వుతున్నవాళ్ళు కూడా చెవి అటు పడేస్తారు. ఎందుకంటే శ్రుతి ఎక్కడా జారదు. ఆ శ్రుతే లేకపోతే పెద్దావిడని వెక్కిరించినట్టుండేది, ఎవరూ హర్షించేవారు కాదు. ఆ నవ్వు వెనక ఏళ్ళ తరబడి చేసిన సాధన ఉంది.

మన దగ్గరా అంతే. బుర్రకథలో హాస్యం చెప్పే వంతగాణ్ణి గుర్తు తెచ్చుకో. ఒకపక్క కథకుణ్ణి ఆటపట్టిస్తూ, మాట పూర్తయ్యీ కాకుండానే డక్కీ మీద దెబ్బ వేసి వంతపాట అందుకోవాలి. తాళం తప్పాడా, జోకు కూడా పోయినట్టే. బాలసుబ్రహ్మణ్యం గారు అల్లు రామలింగయ్య గారికి పాడితే తెరమీద ఆయనే పాడుతున్నట్టుండేది. ముక్కుతో ఎంత పలకాలో, ఏ అక్షరాన్ని ఎక్కడ నొక్కాలో లెక్క తెలిసిన గాయకుడు గనక అది సాధ్యమైంది. నీ గొంతులో ఆ గుణం ఉంది, నేను విన్నాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక అభ్యాసం. ఒక మనిషిని అనుకరించాలంటే నువ్వు ముందు గొంతు పట్టుకోబోతావు. గొంతు చివర్లో పట్టుకో. ముందు ఊపిరి చూడు, మాట మధ్యలో ఎక్కడ ఆగుతున్నారో చూడు, వాక్యం చివర పైకి లేస్తుందో కిందకి దిగుతుందో చూడు. ఆ మనిషి మాటలనే నీ మామూలు గొంతుతో, అదే నడకలో చెప్పి మీ అమ్మకి వినిపించు. ఎవరో ఆవిడ పోల్చుకుంటే, అప్పుడు గొంతు మార్చు. వరంగల్లు నేరెళ్ళ వేణుమాధవ్ గారికి 2001లో పద్మశ్రీ ఇచ్చారు. మిమిక్రీని కళగా నిలబెట్టిన మనిషి. ఆయన పాత రికార్డింగులు వెతికి విను. ఆయన విరామాలు ఎలా వాడారో నువ్వే కాగితం మీద రాసుకో.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. నువ్వు పంపిన స్కిట్‌లో మన యాసలో "ఏటి బాబూ, ఎలగున్నావు" అనగానే నీ స్నేహితులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, బాధేసింది. అక్కడ నవ్వడానికి సంగతేమీ లేదు. మనవాళ్ళు మాట్లాడే తీరునే జోకు చేశావు. తెరమీద మన యాస పనివాడికీ అమాయకుడికీ ఇచ్చి నవ్వించడం ఎప్పట్నుంచో ఉంది. దానికి నువ్వు కూడా చెయ్యి వెయ్యొద్దు. జనం మాట్లాడే తెలుగుకి పుస్తకంలో చోటు కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేశారు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై మన ఊరు అటు వెళ్ళినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు, మనం ఉండిపోయాం. ఉండిపోయిన మనకి ఆ యాసే ఆస్తి. అదే యాసలో తెలివైన ఆడదాన్ని, డాక్టర్ని, అత్తగారి నోరు మూయించే కోడల్ని సృష్టించు. యాస అక్కడే ఉంటుంది, నవ్వు మాత్రం ఆవిడ తెలివి వల్ల వస్తుంది.

సంతలో సవర గిరిజన ఆడవాళ్ళ బేరం అనుకరించావు కూడా. అది తీసెయ్యి. గిడుగు వారు సవర భాష నేర్చుకున్నారు, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అంత చెయ్యమని నిన్ను అడగను. కానీ ఆ భాషలో నాలుగు మాటలు రాకుండా వాళ్ళ గొంతు పట్టుకుని నవ్వించే హక్కు మనకి లేదని నేను నమ్ముతాను. ఒడియా సంగతి వేరు, అది నీ బడి భాష, రెండో అమ్మలాంటిది. తెలుగింటి కోడలూ ఒడియా అత్తగారూ ఒకే కుళాయి దగ్గర రెండు భాషల్లో పోట్లాడుకునే స్కిట్ రాయి. ఇద్దరికీ సమానంగా మాటలు ఇవ్వు. అలాంటిది హైదరాబాదు పిల్లలెవరూ రాయలేరు.

గొంతు జాగ్రత్త. ఘాటుగా, బొంగురుగా పలికే పాత్రలు వరసగా వెయ్యకు, మధ్యలో తేలికపాటివి పెట్టుకో. ముందుగా మెల్లగా సరళీ వరసలు పాడి గొంతు వేడెక్కించు. నీళ్ళు తాగుతూ ఉండు. గొంతు పోయిందనిపిస్తే గుసగుసగా మాట్లాడకు, అదీ శ్రమే, పూర్తిగా ఊరుకో. బొంగురు 3 వారాలు దాటితే మందుల షాపువాణ్ణి అడగొద్దు, చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించు.

డబ్బు విషయం. ఆడిషన్‌కి డబ్బు కట్టమన్నవాడి దగ్గరకి వెళ్ళొద్దు. అగ్రిమెంట్ ఇస్తే అక్కడే సంతకం పెట్టకు, ఇంటికి తెచ్చి చదువు. ఎన్నాళ్ళు వేరే చానల్లో కనబడకూడదంటున్నారు, ఎపిసోడ్‌కి ఇస్తారా షూటింగ్ రోజుకి ఇస్తారా, బస ఖర్చు ఎవరిది, నీ వీడియో ముక్క నువ్వు పెట్టుకోవచ్చా లేదా అన్నవి చూసుకో. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా నీ పేరనే ఉండాలి. 10 శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను, ముందే కోసుకుంటే రిటర్న్ వేసి, రావలసింది వెనక్కి తెచ్చుకో.

ఇంకోటి. ఆడపిల్లవి గనక లావు మీదా రంగు మీదా జోకులు నీ మీదే వేయించాలని చూస్తారు, రెండర్థాల మాటలు నీ చేత అనిపించాలని చూస్తారు. ఏవి చెయ్యవో మొదటి రోజే, నవ్వుతూనే, స్పష్టంగా చెప్పెయ్యి. దానివల్ల ఒక అవకాశం పోతే పోనీ. మీ అమ్మకి నేను సర్దిచెప్తాను.

ఆడిషన్‌కి రెండు ముక్కలు సిద్ధం చెయ్యి: ఆ కుళాయి స్కిట్, దాని చివర నువ్వే పాడే ఒక పల్లవి. పలాసలో రైలెక్కించే బాధ్యత నాది. ఆదివారం పొద్దున్నే పాట పుస్తకం తీసుకుని రా, హార్మోనియం సరిచేయించి ఉంచాను.

మీ మావయ్య