బయలుదేరేముందు చెప్పిన మాట

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. బాకీ వసూలుకు వెళ్తున్నానని, ఎవరింటికో కూడా వదినకు చెప్పి మా అన్నయ్య బయలుదేరాడు. మర్నాడు శవమై దొరికాడు. చావుబతుకుల్లో చెప్పిందే మరణ వాంగ్మూలమని, వదిన విన్న మాట కోర్టులో పనికిరాదని అందరూ అంటున్నారు. నిజమేనా?
— ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, మీ వదినగారు విన్న మాట పనికివస్తుంది. ఆ సంగతి తేల్చిన పాకాల నారాయణస్వామి కేసు మన బరంపురానిదే. ఆ ఊరి కోర్టులో ముప్ఫై ఏళ్లకు పైగా వాదించాను. నా దగ్గర చేరిన ప్రతి జూనియరు చేతా మొదట ఈ తీర్పే చదివించాను.

పిఠాపురం దివాను కొలువులో ఒక బంట్రోతు ఉండేవాడు. దివాను గారి కూతురు 1936లో అతని దగ్గర 18 శాతం వడ్డీకి 3,000 రూపాయలు తీసుకుంది. ఆమె కాపురం బరంపురంలో ఉండగా, 1937 మార్చి 20న అతనికి సంతకం లేని ఉత్తరం వచ్చింది. దాన్ని భార్యకు చూపించి, దివాను గారి కూతురు డబ్బు తీసుకువెళ్లమని రాసింది, బరంపురం వెళ్తున్నానని చెప్పాడు. మర్నాడు రైలెక్కాడు. 23న పూరీలో మూడో తరగతి పెట్టెలో ఒక ఇనుప ట్రంకు దొరికింది. లోపల ఏడు ముక్కలుగా నరికిన శరీరం. గుర్తుపట్టింది ఆ భార్యే. ఆ ఇల్లాలు విన్న మాటను మరిచిపోకుండా కోర్టు దాకా మోసుకువచ్చింది. ఈ తీర్పు ఎన్నిసార్లు చదివినా నాకు ముందు ఆమే గుర్తుకు వస్తుంది.

అప్పు తీసుకున్నామె భర్త, దివాను అల్లుడు పాకాల నారాయణస్వామికి సెషన్స్ కోర్టు మరణశిక్ష వేసింది. ఒడిశాకు అప్పటికి సొంత హైకోర్టు లేదు కనుక అప్పీలు పాట్నాకు, అక్కడినుంచి అప్పట్లో మన దేశానికి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లింది. 1939 జనవరిలో అక్కడి న్యాయమూర్తి లార్డ్ ఆట్కిన్ తీర్పు చెప్పారు. మన చట్టం ప్రకారం, మాట అన్ననాటికి మనిషికి చావు భయం ఉండనక్కరలేదు. చావుకు దారితీసిన ఘటనతో ఆ మాటకు దగ్గరి సంబంధం ఉంటే చాలు. ఎందుకు, ఎక్కడికి, ఎవరు పిలిస్తే వెళ్తున్నాడో చెప్పడం అలాంటిదే. ఎవరి మీదో ఊరికే అనుమానం వెలిబుచ్చడం మాత్రం ఆ కోవలోకి రాదు.

అరెస్టుకు ముందు నిందితుడు పోలీసులకు చెప్పిన మాటలను మాత్రం అదే తీర్పు సాక్ష్యంగా ఒప్పుకోలేదు. బంట్రోతు తన ఇంటికి వచ్చాడని అతను అందులో చెప్పాడు. అంత పనికొచ్చే మాటను పక్కన పెట్టి కూడా, మిగిలిన సాక్ష్యంతోనే శిక్షను నిలబెట్టారు. నిందితుడి మాట లాక్కోవడం కన్నా సాక్ష్యం వెతకడం పోలీసుల పని అని నేను గట్టిగా నమ్ముతాను.

కనుక మీ వదినగారి మాట ఒక్కటే చాలదు. అక్కడ కూడా ఆ ట్రంకు బరంపురంలో నిందితుడి కోసం కొన్నదేనని సాక్ష్యం వచ్చింది, అప్పు తాలూకు ఉత్తరాలు బంట్రోతు ఇంట్లో దొరికాయి. మీ అన్నగారి ప్రామిసరీ నోట్లు, ఫోను, బస్సు టికెట్టు ఏమున్నా భద్రపరచండి. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో మరణ వాంగ్మూలం నియమం 26వ సెక్షన్‌లో ఉంది. మీ వదినగారు ఇంకా చెప్పి ఉండకపోతే ఈ వారమే పోలీసులకు చెప్పమనండి. ఆయన అన్న మాటలే, తన అనుమానాలేవీ కలపకుండా.