కార్బన్ ర్యాపింగ్‌కి ముందు ఒక మాట

చి. మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. వైజాగ్ బీచ్ పక్క అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ స్తంభాలకి కార్బన్ ర్యాపింగ్, అంటే రెజిన్ జిగురుతో కార్బన్ ఫైబర్ గుడ్డ చుట్టించడం, చేయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. కార్బన్‌కి తుప్పు పట్టదని ధీమాగా ఉండకు. తనకి పట్టదు, తనని తాకిన ఇనుముకి పట్టిస్తుంది. పాత టార్చిలైటు సెల్లు విప్పి చూడు. మధ్యలో నల్ల కడ్డీ చెక్కుచెదరదు, చుట్టూ ఉన్న జింకే తినేసుకుపోతుంది. తేమలో ఇనుముకీ అదే గతి.

మంచి కాంక్రీటులో క్షారం ఎక్కువ, పీహెచ్ 12 దాటి ఉంటుంది. అది రాడ్డు మీద సన్నటి రక్షణ పొర కడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం భయం తక్కువ. సముద్రపు ఉప్పు లోపలికి దిగితే పొర పోతుంది. అందుకని ముందు హాఫ్‌సెల్ టెస్టు చేయించు, అంటే కాంక్రీటు పైనుంచే లోపలి రాడ్డు వోల్టేజి కొలిచి తుప్పు పసిగట్టే పరీక్ష. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే లోపల తుప్పు నడుస్తోందనే లెక్క. అలాంటి చోట పైన చుట్టి దాచేయకు. రాడ్డు వెనక దాకా కాంక్రీటు చెక్కించి, తుప్పు గీకించి, రిపేర్ మోర్టార్ వేయించు.

బయటికి పొడుచుకొచ్చిన బైండింగ్ వైరు ముక్కలు, మేకులు కత్తిరించి మోర్టార్‌తో మూయించు. కార్బన్ ఇనుముకి తగలకుండా ఉండాలంటే ప్రైమర్ పూత ఒక్కటే చాలదు. ముందు గ్లాస్ ఫైబర్ పొర ఒకటి, దాని మీద కార్బన్. ర్యాప్‌లోంచి ఇనుప బోల్టు దింపుతానంటే అస్సలు ఒప్పుకోకు.

“రాడ్డుకి ఎపాక్సీ పూశాం కదా సార్” అంటాడు కాంట్రాక్టర్. ఇక్కడే అందరూ పొరబడతారు. పూతలో ఎక్కడో చిన్న గీత పడుతుంది. ఒక పక్క చదరపు మీటర్ల కార్బన్, ఇంకో పక్క గోరంత ఇనుము. కరెంటంతా ఆ గోరంత చోటునుంచే పోతుంది, అక్కడ రాడ్డుకి గుంట పడుతుంది. పూత వెయ్యాలంటే కార్బన్ వైపూ వెయ్యాలి.

రెజిన్ ఆరాక మల్టీమీటర్ పెట్టు. ఒక కొన తెరిచి ఉంచిన రాడ్డుకి, ఇంకో కొన కోసిన కార్బన్ అంచుకి. తడి కాంక్రీటు వల్ల కొంత రీడింగ్ వస్తుంది, కంగారు పడకు. బీప్ కొడితే మాత్రం ఎక్కడో తాకుతోంది. అది దొరికేదాకా ప్లాస్టరింగ్ ఆపెయ్.

కార్బన్ కోసే చోట దుమ్ము ఎగురుతుంది. అది కరెంటు పాస్ చేస్తుంది, స్విచ్‌బోర్డులు కప్పించు. కుర్రాళ్లకి మాస్కులు ఇప్పించు.

మీ మావయ్య