లియాన్‌లో చెరువు, పార్కు, నది పక్కన నడవడానికి మంచి దారులు ఏవి?

లియాన్‌లో ఒక్క పూటే ఉంటే ఇంకేం ఆలోచించకుండా తెత్ దోర్ పార్కుకి వెళ్లండి. 1857లో తెరిచిన పార్కు, దాదాపు 117 హెక్టార్లు, లోపల పెద్ద చెరువు, టికెట్ లేదు, జూకి కూడా లేదు. మాసెనా మెట్రో స్టేషన్‌లో దిగితే కొద్ది దూరమే. చెరువు చుట్టూ తిరిగే బాట చదునుగా ఉంటుంది, పిల్లల బండితో కూడా ఇబ్బంది లేదు. నీళ్ల మధ్య ఒక చిన్న దీవి మీద మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన లియాన్ వాళ్ల పేర్లు చెక్కిన స్మారకం ఉంది, దానికి దారి వంతెన మీంచి కాదు, చెరువు కింద సొరంగంలోంచి! గులాబీల కోసమైతే జూన్‌లో రండి. రాత్రి గేట్లు వేసేస్తారు, చలికాలంలో ఇంకా ముందే.

ఓపిక ఉంటే పార్కులోంచి బయటికొచ్చి రోన్ నది ఎడమ గట్టు పట్టుకుని దక్షిణంగా జెర్లాన్ పార్కు దాకా నడవచ్చు, సుమారు 5 కిలోమీటర్లు. ఒకప్పుడు ఇక్కడంతా కార్ల పార్కింగే, 2007లో నడకదారి చేశారు. గట్టుకి కట్టేసిన పడవల్లో కాఫీ, బీరు దొరుకుతాయి. సైకిళ్ల వాళ్లు మాత్రం జోరుగా వస్తారు, పక్కకి నడవండి. కాళ్లు లాగితే జెర్లాన్‌లో మెట్రో బి ఎక్కి వెనక్కి వచ్చేయొచ్చు.

ఊరి బయట మిరిబెల్-జొనాజ్ అనే చెరువుల పెద్ద పార్కు ఉంది, 2,000 హెక్టార్లకు పైనే, వేసవిలో ఈత కూడా కొట్టొచ్చు. కానీ దానికి రోజంతా కావాలి, సగం పూట కోసం వెళ్లడం దండగ.