ట్రోపోనిన్ అంకెతో ఆయుష్షు లెక్క తేలదు

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. మూడు వారాల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. డిశ్చార్జి సమ్మరీలో ట్రోపోనిన్ 4,200, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 1,800, సీఆర్‌పీ 42 అని ఉంది. ఇవి ఎక్కువగా ఉంటే ముప్పు కూడా ఎక్కువని నెట్‌లో చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మళ్లీ అటాక్ వస్తుందా? వారం వారం ఈ పరీక్షలు చేయించాలా?

జవాబు: ట్రోపోనిన్ పక్కన యూనిట్ ఏముందో చూశారా? లీటరుకు 4,200 నానోగ్రాములన్నా, మిల్లీలీటరుకు 4.2 నానోగ్రాములన్నా ఒకటే. రెండు ల్యాబుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని హడలిపోయేవాళ్లను చాలామందిని చూశాను.

గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే ఈ ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. కొన్ని గంటల్లో పెరగడం మొదలై, సాధారణంగా 12 నుంచి 24 గంటల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. ఆ తర్వాత కూడా వారం పది రోజులు కనిపిస్తూనే ఉంటుంది. మూసుకుపోయిన రక్తనాళాన్ని స్టెంట్‌తో తెరిస్తే, అక్కడ పేరుకున్న ట్రోపోనిన్ అంతా ఒక్కసారిగా రక్తంలోకి కొట్టుకొచ్చి అంకె త్వరగా పైకి లేస్తుంది. అంటే చికిత్స పనిచేసినప్పుడు కూడా అంకె భయపెట్టొచ్చు. దెబ్బ ఎంత పెద్దదో అది స్థూలంగా చెబుతుంది, అంతే. గుండెపోటు తర్వాత ముప్పును అంచనా వేసే గ్రేస్ స్కోరులో వయసు, నాడి వేగం, బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), ఈసీజీ మార్పులు, గుండె వైఫల్యం లక్షణాలు, ఆస్పత్రికి వచ్చేసరికి గుండె ఆగిందా అన్నవి చూస్తారు. ట్రోపోనిన్ విషయంలో మాత్రం పెరిగిందా లేదా అన్నదే ప్రశ్న. 4,200 అయినా 42,000 అయినా అవే పాయింట్లు. మీరు క్రియాటినిన్ రాయలేదు. నాకు దాని మీదే ఆసక్తి ఎక్కువ, ఎందుకంటే కిడ్నీ పనితీరు తగ్గితే గుండె రోగికి ముప్పు పెరుగుతుంది.

మీరు రాసిన మూడింటిలో నేను పట్టించుకునేది ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. గుండె గోడల మీద ఒత్తిడి పెరిగి అవి సాగినప్పుడు ఇది విడుదలవుతుంది. అటాక్ వచ్చిన రోజుల్లో 1,800 ఉండటం వింతేమీ కాదు. వయసు మీద పడినా, కిడ్నీ బలహీనపడినా, గుండె లయ తప్పినా పెరుగుతుంది. లావుగా ఉన్నవాళ్లలో తక్కువ చూపిస్తుంది, కాబట్టి వాళ్లకు తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండలేం. కొన్ని వారాలయ్యాక ఎకోతో (గుండె స్కానింగ్‌తో) పాటు ఇదొక్కసారి చేయిస్తే ఉపయోగం. బాగా దిగితే మంచిదే. దిగకపోతే మందులు సర్దాలి.

సీఆర్‌పీ అంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉంటే పెరిగే ప్రొటీన్. అది 42 ఉందని బెంగ వద్దు. దెబ్బతిన్న కండరాన్ని శరీరం శుభ్రం చేసుకునే రెండు మూడు రోజుల్లో అది పెరుగుతుంది.

మళ్లీ అటాక్ వస్తుందా అంటే, రాదని ఏ రక్తపరీక్షా హామీ ఇవ్వలేదు. వస్తుందని కూడా చెప్పలేదు. ఇలాంటి స్కోర్లు అదే స్థితిలో ఉన్న వందమందిలో ఎందరికి ముప్పో చెబుతాయి. ఆ వందలో మీ నాన్నగారు ఎటువైపో చెప్పవు.

వారం వారం పరీక్షలు అక్కర్లేదు. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాలకు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) చూడాలి. గుండెపోటు వచ్చినవాళ్లలో అది 55 లోపు ఉండాలన్నది యూరోపియన్ మార్గదర్శకాల మాట. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) కూడా. రక్తం పలుచబడే రెండు మాత్రలు కార్డియాలజిస్టు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు. మళ్లీ ఛాతీ నొప్పి వచ్చినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ట్రోపోనిన్ చేయించడానికి ల్యాబుకు పరిగెత్తకండి. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.