93 శాతం పోలింగ్ జరిగితే ప్రజాస్వామ్యం బాగున్నట్టేనా?

మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం ఓట్లు పడ్డాయి కదా, అయినా విదేశీ సంస్థలు మనది లోపాలున్న ప్రజాస్వామ్యమని ఎందుకంటాయని అడిగారు. మాది ఆ నియోజకవర్గమే. 2022 నవంబరులో ఓటేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ శాతం నిజమే. హైదరాబాద్‌లో పని చేసుకుంటున్నవాళ్లను కూడా పార్టీలు బండ్లు పెట్టి తీసుకొచ్చాయి. పక్క వాడకట్టులో డబ్బులు పంచి తమకు పంచలేదని అలిగి, మధ్యాహ్నం దాకా ఇల్లు కదలనివాళ్లనూ చూశాను. పోలింగ్ శాతంలో ఇవన్నీ ఒకే లెక్క.

మనది లోపాలున్న ప్రజాస్వామ్యమన్నది బ్రిటన్‌లోని ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ అనే సంస్థ. దేశాలకు మార్కులేసే వాళ్ల ప్రజాస్వామ్య సూచీలో 60 ప్రశ్నలుంటాయి. ఎన్నికలు ఎలా జరుగుతాయన్నది ఐదు విభాగాల్లో ఒకటి. దానిలో మనకు మంచి మార్కులే వస్తాయి. ప్రభుత్వం పనిచేసే తీరు, పౌర స్వేచ్ఛలు, రాజకీయ సంస్కృతి లాంటి విభాగాల్లో మార్కులు తగ్గుతాయి. స్వీడన్‌లోని వి-డెమ్ అనే పరిశోధన సంస్థ అయితే మనది ‘ఎన్నికలున్న నిరంకుశత్వం’ అనేసింది. అది నాకు అతిగానే అనిపిస్తుంది. 2023లో మన తెలంగాణలో ఓడిన ప్రభుత్వం మారు మాట్లాడకుండా దిగిపోయింది కదా.

నన్నడిగితే, ఓటేసిన మర్నాటి నుంచి మన మాటకు జవాబు వస్తోందా లేదా అన్నదే చూడాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మా నల్గొండలో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర్లు పోతున్నా పట్టించుకునేవాళ్లు లేక, దేశమంతా ఇటు చూడాలని వేసిన నామినేషన్లే వాటిలో చాలావరకు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. అదే ఏడాది చట్టం మార్చి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు, స్వతంత్రులను పదిమంది ప్రతిపాదించాలన్నారు. ఇంటింటికీ మంచినీళ్లు రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఏ జవాబు ముందు వచ్చిందో చూశారా?

ఊరి స్థాయిలోనూ ఇదే తంతు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. మా ఊళ్లో ఒకసారి డప్పు చాటింపు విని వెళ్తే పంచాయతీ ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రిజిస్టర్‌లో మాత్రం ఒక పేజీ నిండా సంతకాలు, వేలిముద్రలు. ఉపాధి హామీ కూలి ఇంకా పడలేదని అడగడానికి వచ్చిన ఒకావిడ తన పేరు ఎదురుగా అప్పటికే వేలిముద్ర ఉండటం చూసి, “నేను ఇప్పుడే వస్తి కదా సార్” అంది. నవ్వారు తప్ప ఆ కూలి సంగతి ఎవరూ రాసుకోలేదు.

ఆ మాత్రం సర్పంచి కూడా లేని రోజులు వచ్చాయి. పాత పాలకవర్గం గడువు తీరకముందే పంచాయతీ ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగం 243-ఇ అధికరణం చెబుతుంది. మనకు 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ఆ ఎన్నికలు జరగక, ప్రభుత్వం పెట్టిన ప్రత్యేకాధికారులే పంచాయతీలను నడిపారు. ఆ మధ్యలో లోక్‌సభ ఎన్నికలు మాత్రం టైముకే జరిగాయి.

మీ ఊరి సంగతి తెలుసుకోవాలంటే పోయినేడాది గ్రామసభ తీర్మానాల నకలు అడగండి. నోటితో అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, 30 రోజుల్లో ఇవ్వాలి. హాజరు పేజీ కూడా కావాలని అందులోనే రాయండి, లేకపోతే అది వదిలేసి మిగతావి ఇస్తారు.