నీళ్లలో తేలాలి, మందుపాతరకు ఆగాలి: పోలండ్ కవచ వాహనాలపై మీ ప్రశ్నలు

పోలండ్ తన సైన్యాన్ని కొత్తగా ఎలా సమకూర్చుకుంటోందో గత సంచికలో రాశాం. కొరియా, అమెరికా ట్యాంకుల కొనుగోళ్లు, సైనికుల్ని మోసే పాత సోవియట్ బండి బీఎంపీ-1 స్థానంలో వస్తున్న, నీళ్లలోనూ తేలే సొంత బండి ‘బోర్సుక్’, దానికి పెట్టిన పరీక్షలు అందులో ఉన్నాయి. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇవీ జవాబులు.

అబ్రామ్స్ అమెరికాది, కే-2 కొరియాది, బోర్సుక్ సొంతం. ఒక్క దేశానికి ఇన్ని రకాలెందుకు?
– డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

తొందర వల్ల. 2022లో ఉక్రెయిన్‌కు రెండు వందలకు పైగా టీ-72 ట్యాంకులు ఇచ్చేశారు. ఆ ఖాళీ పూడ్చాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో 250 అబ్రామ్స్, ఆగస్టులో 180 కే-2, 2023 జనవరిలో మరో 116 పాత రకం అబ్రామ్స్ తీసుకున్నారు. ఒప్పందం కుదిరిన నాలుగు నెలలకే, 2022 డిసెంబరులో, తొలి పది కే-2లు గ్దీనియా రేవులో దిగాయి. ఆ వేగంతో ఇవ్వగలిగింది అప్పటికే ఉత్పత్తి నడుస్తున్న కొరియానే.

తలనొప్పి తర్వాత మొదలవుతుంది. అబ్రామ్స్, కే-2, వాళ్ల దగ్గర ముందునుంచీ ఉన్న లెపర్డ్-2 మూడింటిదీ 120 మి.మీ. ఫిరంగే. అది కొంత మేలు. ఇంజన్లు మాత్రం వేరు: అబ్రామ్స్‌ది 1500 హార్స్‌పవర్ గ్యాస్ టర్బైన్, మిగతావి డీజిల్. అబ్రామ్స్‌లో నలుగురు కూర్చోవాలి. కే-2లో గుండును యంత్రమే ఎక్కిస్తుంది కాబట్టి ముగ్గురు చాలు. అంటే స్పేర్ పార్టుల గోడౌన్లు వేరు, మెకానిక్కుల శిక్షణ వేరు, సిబ్బంది లెక్క వేరు. తెలిసే తలకెత్తుకున్న బరువిది. 2025 ఆగస్టులో కుదిరిన రెండో కే-2 ఒప్పందంలో 180 ట్యాంకులకు గాను 61 పోలండ్‌లోనే, గ్లివిత్సెలో తయారు కావాలని రాసుకోవడం ఆ బరువు కొంత దించుకోవడానికే.

లారీ తొట్టి, ఛాసిస్ వెల్డింగుల్లో పగుళ్లు మాకు మామూలే. అంత పెద్ద ఫిరంగి బండి ‘క్రాబ్’ ఛాసిస్‌కు పగుళ్లు వచ్చాయని రాశారు. అక్కడా అదే జబ్బా?
– బాడీ బిల్డింగ్ షెడ్డు యజమాని, ఆటోనగర్, విజయవాడ

మంచి ప్రశ్న, కాస్త వివరంగానే చెప్పాలి. క్రాబ్ అంటే 155 మి.మీ. ఫిరంగిని మోసే చైను బండి. బ్రిటిష్ ఫిరంగి బండి ఏఎస్-90 టరెట్‌ను, అంటే పైన తిరిగే ఫిరంగి గూడును, సొంత ఛాసిస్ మీద కూర్చోబెట్టారు. 2010ల మొదట్లో ఆ ఛాసిస్ ప్లేట్లలో సన్నటి పగుళ్లు బయటపడ్డాయి. పైగా దానికి పెట్టిన ఇంజన్ ఉత్పత్తే ఆగిపోయింది. చివరికి 2014 డిసెంబరులో సొంత ఛాసిస్ పక్కన పెట్టి, కొరియా ఫిరంగి బండి కే-9 ఛాసిస్‌లు 120 లైసెన్స్‌తో సహా తీసుకున్నారు. టరెట్ అదే, కింద బండి మారింది. 2022లో ఉక్రెయిన్‌కు పంపిన 18 క్రాబ్‌లు ఈ మార్చిన రకమే.

ఇక జబ్బు సంగతి. మీ లారీ ఛాసిస్‌ది మెత్తటి స్టీలు, కాస్త సాగుతుంది. కవచపు ప్లేటు గట్టిది, కార్బన్, మాంగనీసు, క్రోమియం వంటివి ఎక్కువ. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న లోహం ఎర్రబడి, చుట్టూ ఉన్న చల్లటి మందపాటి ప్లేటు ఆ వేడిని ఒక్కసారిగా లాగేసుకోవడంతో గాజులా పెళుసవుతుంది. అక్కడికి హైడ్రోజన్ చేరిందా, లోపలి లాగుడు కూడా తోడై పగులుతుంది. హైడ్రోజన్ ఎక్కడిదంటే రాడ్డు పూత పీల్చుకున్న తడి, ప్లేటు మీది నూనె, తుప్పు, పెయింటు. కృష్ణా తీరపు వానాకాలం గాలిలో విప్పిన రాడ్ల పాకెట్టు సాయంత్రం దాకా బయట ఉంటే చాలు.

ఇందులో దొంగదెబ్బ ఏమిటంటే, వెల్డింగ్ చేసిన రోజు ఏమీ కనపడదు. పగులు గంటల తర్వాత, ఒక్కోసారి రెండో రోజున పుడుతుంది. అందుకే తనిఖీ వెంటనే చేసి సరే అనేయకూడదు, 48 గంటలు ఆగాలి.

షెడ్డులో పనికొచ్చే పద్ధతి ఇది. 7018 లాంటి లో-హైడ్రోజన్ రాడ్లను 300 నుంచి 350 డిగ్రీల ఓవెన్‌లో గంట నుంచి రెండు గంటలు కాల్చి, తర్వాత 120 డిగ్రీల పెట్టెలో ఉంచి, కావలసినన్నే బయటికి తీయాలి. అతుకుకు రెండు వైపులా ప్లేటును గ్రైండింగ్ చేసి మెరిసే లోహం దాకా తేవాలి. మందాన్ని బట్టి 100 నుంచి 150 డిగ్రీల ప్రీహీట్ ఇవ్వాలి. అంచనాతో కాదు, వేడికి కరిగే చాక్‌తో గీసి చూడాలి. వరసకూ వరసకూ మధ్య వేడి 200 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే ప్లేటు గట్టిదనం పోతుంది. కవచం మీద చాలాచోట్ల స్టెయిన్‌లెస్ రకం రాడ్డే వాడతారు, ఎందుకంటే ఆ అతుకు హైడ్రోజన్‌ను తనలోనే పట్టి ఉంచుతుంది, సాగుతుంది కూడా. అలాంటి అతుకుకు అయస్కాంత పొడి పరీక్ష పనిచేయదు, రంగు ద్రవం పూసి చూడాలి.

ఫిరంగి బండికి ఇంకో బాధ ఉంది. 155 మి.మీ. గుండు పేలిన ప్రతిసారీ వెనక్కి కొట్టే దెబ్బ టరెట్ రింగు గుండా ఛాసిస్‌లోకి దిగుతుంది. అతుకు చివర చిన్న గాటు ఉన్నా వందల గుండ్ల తర్వాత అదే పెరుగుతుంది. తొట్టి మూలల్లో మీరు చూసే పగులు కూడా ఎక్కువగా అతుకు ఆగిన చోటే మొదలవుతుంది, గమనించండి.

బోర్సుక్‌ను 2017లోనే చూపించి 2025లో ఆర్డర్ ఇచ్చారు. అన్నేళ్లు ఏం పరీక్షించారు?
– విశ్రాంత సైనికోద్యోగి, అరండల్‌పేట, గుంటూరు

అసలు మొదలు 2014. అప్పుడు అభివృద్ధి ఒప్పందం, 2017 సెప్టెంబరులో కీల్త్సె ఆయుధ ప్రదర్శనలో మొదటి నమూనా. 2023 ఫిబ్రవరిలో సుమారు 1400 బండ్లకు కుదిరింది ఒక ముసాయిదా లాంటి ఒప్పందమే. 2025 మార్చి 27న 111 బండ్లకు, దాదాపు 650 కోట్ల జ్లోటీలకు చేసుకున్నదే అసలు ఆర్డర్. అప్పగింత 2029 దాకా. అన్నట్టు, 650ని 111తో భాగించి ‘ఒక్కో బండి ధర’ అని ప్రచారం చేయకండి. శిక్షణ, విడిభాగాలు అందులోనే ఉన్నాయి.

బండి తయారీ హూతా స్టలోవా వోలా అనే పోలండ్ కంపెనీది. ముగ్గురు సిబ్బంది, ఆరుగురు సైనికులు, 28 టన్నుల చిల్లర బరువు, 720 హార్స్‌పవర్ డీజిల్. పైన మనుషులు కూర్చోని జడ్ఎస్ఎస్‌డబ్ల్యూ-30 టరెట్: 30 మి.మీ. బుష్‌మాస్టర్ తుపాకీ, 7.62 మి.మీ. మెషీన్‌గన్, రెండు స్పైక్ క్షిపణులు. ఈ టరెట్‌ను చక్రాల బండి రోసోమాక్‌కు కూడా వాడాలన్న ఆలోచనతో విడిగా అభివృద్ధి చేశారు. కాబట్టి టరెట్‌కు ఒక పరీక్ష, బండికి ఒకటి, రెండూ కలిపాక మళ్లీ ఒకటి.

ఫ్యాక్టరీ పరీక్షలు ముందు జరుగుతాయి, తర్వాత సైన్యం తరఫు అర్హత పరీక్షలు. ఇలాంటి బండిని తూచి బరువు కేంద్రం ఎక్కడుందో చూడటంతో పని మొదలవుతుంది. 60 శాతం ఎత్తు, అంటే సుమారు 31 డిగ్రీలు, ఎక్కి మధ్యలో ఆగి మళ్లీ బయలుదేరాలి. 30 శాతం పక్కవాలులో చైను జారకూడదు. వేల కిలోమీటర్లు తిప్పాలి. చలిగదిలో ఇంజన్ స్టార్ట్ కావాలి. నిలబడి, కదులుతూ కాల్చాలి.

మందుపాతర పరీక్షే అన్నిటికన్నా కఠినం. నాటో ప్రమాణంలో రెండో స్థాయికి 6 కిలోలు, మూడుకు 8, నాలుగుకు 10 కిలోల మందు. చైను కింద ఒకసారి, పొట్ట కింద ఒకసారి పేలుస్తారు. లోపల సెన్సర్లు బిగించిన డమ్మీ మనుషుల్ని కూర్చోబెడతారు. ప్లేటు చిరిగిందా లేదా అని చూసి ఊరుకోరు. మోకాలి కింద ఎముక మీద బలం 5.4 కిలోన్యూటన్లు దాటితే ఫెయిల్. వెన్నుపూస సూచిక 17.7 దాటినా అంతే. బయటికి బండి బాగానే కనిపించి లోపల కాళ్లు విరిగే సందర్భాలుంటాయి. కారణం, సైనికుడి బూటు నేల ప్లేటు మీదే ఆనుకుని ఉండటం. అందుకే సీట్లను పైకప్పుకు లేదా పక్కగోడకు వేలాడదీసి, పాదాలకు విడిగా పలక పెడతారు.

ఇలా ఒక్క సీటు మార్చినా బరువు మారుతుంది. మారితే తేలే పరీక్ష మళ్లీ. సంవత్సరాలు అక్కడే కరిగిపోతాయి.

28 టన్నుల ఇనుప బండి నదిలో తేలుతుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. కృష్ణలో దించితే దాటుతుందా?
– కృష్ణలంక పాఠకుడు, విజయవాడ

28 టన్నుల బండి 28 ఘనపు మీటర్ల నీటిని పక్కకు తోస్తే తేలుతుంది, అంతే లెక్క. నీటి గీత దగ్గర బండి 7 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల వెడల్పు అనుకోండి, 23 చదరపు మీటర్లు. ఇంకో టన్ను ఎక్కిస్తే 4 సెంటీమీటర్ల పైచిలుకు కిందికి దిగుతుంది. నాలుగు టన్నుల అదనపు కవచం బిగిస్తే 17 సెంటీమీటర్లు పోయాయి, అలకు మిగిలే ఎత్తు అక్కడే ఖర్చు. అఫ్ఘానిస్థాన్‌కు పంపిన రోసోమాక్‌లకు అదనపు కవచం తగిలించాక అవి ఈత మానేశాయి.

నీళ్లలో దించే ముందు కింద వాటర్ డ్రెయిన్ బిరడాలు బిగించారా, వెనక తలుపు రబ్బరు సరిగా కూర్చుందా, పంపులు తోడుతున్నాయా అని చూడాలి. మరిచిన ఒక్క బిరడా బండిని ముంచగలదు. ముందు అలపలక లేపాలి, లేకపోతే ఇంజన్ బరువున్న ముక్కు నీళ్లు మింగుతుంది. దిగడం కన్నా ఎక్కడం కష్టం: ముందు చైను గట్టును పట్టే సమయానికి వెనక భాగం ఇంకా తేలుతూనే ఉంటుంది, గట్టు బురదైతే చైను గిర్రున తిరుగుతుంది తప్ప పైకి రాదు.

కృష్ణ సంగతా? నీళ్లలో వేగం గంటకు 8 కి.మీ., సెకనుకు 2.2 మీటర్లు. ప్రవాహం సెకనుకు 1.5 మీటర్లుంటే 200 మీటర్ల పాయ దాటేలోపు సుమారు 135 మీటర్లు దిగువకు కొట్టుకుపోతుంది. అంత దిగువన ఎక్కడానికి అనువైన గట్టు చూసుకునే దిగాలి. 2024 సెప్టెంబరులోలా ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు వదులుతుంటే మాత్రం ఏ తేలే బండినీ దించకూడదు.

మా నల్లరేగడిలో వానకు ట్రాక్టరే దిగబడుతుంది. అబ్రామ్స్ వస్తే?
– మిర్చి రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

అబ్రామ్స్ కొత్త రకం సుమారు 67 టన్నులు. చైను వెడల్పు 63.5 సెం.మీ., నేలకు ఆనే పొడవు 4.65 మీటర్లు. రెండు చైన్లూ కలిపి 5.9 చదరపు మీటర్లు, చదరపు సెంటీమీటరుకు 1.13 కిలోలు. పొలంలో మీ ట్రాక్టరు వెనక టైరుకు 12–14 పౌండ్ల గాలి పెడతారు, అది కిలోకు అటూ ఇటూ. దగ్గరదగ్గరగానే ఉన్నాయి కదా! పాత బీఎంపీ-1 అయితే 0.6 దగ్గరే.

కానీ ఈ సగటు మోసం చేస్తుంది. బరువు చైనంతటా సమానంగా పరుచుకోదు, చక్రం కిందనే ఎక్కువ నొక్కుతుంది. అక్కడ సగటుకు రెట్టింపు దాటుతుంది. తడిసిన రేగడిలో తిప్పితే ఇంకా కష్టం: ఒక చైను ఆపి మరొకటి లాగినప్పుడు మట్టి పళ్లచక్రంలో కూరుకుని చైను ఊడిపోతుంది. బురదలో నేరుగా వెళ్లాలి, మలుపు తప్పకపోతే పెద్ద వంపు తీసుకోవాలి.

దిగబడ్డాక లాగడానికి సైన్యాలకు ఒక లెక్క ఉంది. చక్రాల మట్టానికి దిగితే బండి బరువంత లాగుడు కావాలి, మడ్‌గార్డుల దాకా అయితే రెట్టింపు, టరెట్ దాకా అయితే మూడింతలు. 67 టన్నులకు చక్రాల మట్టమే అనుకున్నా, అబ్రామ్స్‌తోపాటు పోలండ్ కొన్న ఎం-88ఏ2 రికవరీ బండి వించి (తాడు చుట్టి లాగే యంత్రం) ఒంటి తాడుతో 63.5 టన్నులే లాగుతుంది. కప్పీ వేసి తాడును రెట్టింపు చేయాల్సిందే. తాడు బిగుసుకున్నప్పుడు దాని పొడవంత దూరంలో ఎవరూ నిలబడకూడదు. తెగితే వెనక్కి కొడుతుంది. ట్రాక్టరు లాగేటప్పుడూ ఇది పాటించండి.

పోలండ్ బండ్లు మన సైన్యంలో ఉన్నాయా?
– ఐటీఐ విద్యార్థి, పటమట, విజయవాడ

ట్యాంకులు లేవు. చెడిపోయిన ట్యాంకులను లాగే డబ్ల్యూజడ్‌టీ-3 రికవరీ బండి పోలండ్ నమూనాదే, ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎంఎల్ ఇక్కడ బిగించి ఇచ్చింది. పోలండ్ బీఎంపీ-1ను పక్కన పెడుతుంటే, దాని తర్వాతి రకం బీఎంపీ-2ను మనం ‘శరత్’ పేరుతో మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారుచేసుకున్నాం. అది సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఉంది. వెల్డర్, ఫిట్టర్, మెషినిస్టు ట్రేడుల వాళ్లు అక్కడి అప్రెంటిస్ ప్రకటనలు చూస్తూ ఉండండి.